హీల్స్ వేలంలో పాడుకోవాలా, సుల్తాన్ బజార్‌లో వేసి చూసి కొనాలా: ఏది మేలు?

పోయిన నెలలో ఒక రాత్రి పదకొండింటికి మా పిన్ని కూతురు ఫోన్ చేసింది. "అక్కా, బంగారు రంగు హీల్స్, నాలుగంగుళాలవి, ఆన్‌లైన్ వేలంలో పెట్టారు. 1,800 దగ్గరుంది. ఇంకా పన్నెండు నిమిషాలే టైముంది, పాడేయనా?"

"సైజు ఎంత రాశారే?"

"ముప్ఫై తొమ్మిది."

"నీ కాలు కొలుచుకున్నావా?"

కాసేపు మాట లేదు. "లేదక్కా. నాకెప్పుడూ ఆరు పడుతుంది, ఆరంటే ముప్ఫై తొమ్మిదేగా?"

"అయితే ఈ పాట వదిలెయ్" అన్నాను. పాపం, చిన్నబుచ్చుకుంది. వాళ్ళన్న రిసెప్షన్‌కి లెహంగా కుట్టిస్తోంది, దాని మీదకి ఆ రంగు కోసం వారం నుంచి వెతుకుతోంది. మర్నాడు ఆదివారం వాళ్ళింటికి వెళ్ళి నాకు తెలిసినదంతా చెప్పాను. వేలంలో హీల్స్ కొనకూడదని నేను అనను. నేనూ కొన్నాను, అలా కొన్న రెండు జతలు ఇప్పటికీ వేసుకుంటున్నాను. కానీ పాట ఎంత దగ్గర ఆగిందన్నది సగం లెక్కే. సరిపోకపోతే వెనక్కి తీసుకుంటారా, పంపడానికి ఎంతవుతుంది అన్నది మిగతా సగం. ఆ రెండో సగం చూడకుండా పాడితే ఎంత చవకగా వచ్చినా లాభం లేదు.

చీరకి సైజు గొడవ లేదు. కుర్తీ వదులైతే టైలర్ దగ్గర బిగుతు చేయించుకోవచ్చు. మామూలు చెప్పు కాస్త అటూ ఇటూ అయినా నడిచిపోతుంది. హీల్‌కి అలా కుదరదు. మడమ లేచే కొద్దీ ఒంటి బరువంతా ముందుకి, వేళ్ళ మొదళ్ళ మీదకి వస్తుంది. చెప్పు కొంచెం పొడవైతే పాదం ముందుకి జారి వేళ్ళు ఇరుక్కుంటాయి, వెనక మడమ దగ్గర ఖాళీ ఏర్పడుతుంది. కొంచెం పొట్టిదైతే గంటలో బొబ్బలు. ముప్ఫై తొమ్మిది లాంటి యూరప్ సైజుల్లో ఒక అంకెకీ ఇంకో అంకెకీ తేడా 6.67 మిల్లీమీటర్లు, ఆరు, ఏడు అని మన షాపుల్లో ఎక్కువగా వాడే బ్రిటిష్ సైజుల్లో 8.46. ఈ చిన్న తేడా మీదే కాలి సుఖం ఆధారపడి ఉంటుంది.

రెండేళ్ళ కిందట నాకు జరిగింది చెప్తాను. ఫోన్లో లైవ్ పెట్టి, కామెంట్లలో పాట పాడించి చెప్పులూ బ్యాగులూ అమ్మే ఒక చిన్న పేజీలో వైన్ రంగు వెల్వెట్ హీల్స్ 2,400కి పాడుకున్నాను. "ఒక్కసారే వేసినవి, కొత్తవాటిలాగే ఉన్నాయి" అని రాశారు. హైదరాబాద్ నల్లకుంటలో మా ఇంటి వరండాలో డబ్బా విప్పితే నాఫ్తలీన్ వాసన గుప్పుమంది. రంగు ఫొటోలో ఉన్నట్టే ఉంది. రెండూ పక్కపక్కన గచ్చు మీద నిలబెట్టాను. ఎడమది నిటారుగా నిలబడింది. కుడిదాని మడమ లోపలికి వాలింది, వేలు తగిలితే ఊగింది. తిరగేస్తే మడమ చివరి రబ్బరు బిళ్ళ ఒకవైపు అరిగిపోయి లోపలి మేకు కనబడుతోంది. పాదం ఆనే చోట పూత పొరలు పొరలుగా లేచి, చేత్తో రుద్దితే నల్లటి పొడి అంటుకుంది.

పొడి ఎందుకు రాలిందో తర్వాత తెలిసింది. పీయూ అని పిలిచే పాలీయురేథేన్ ప్లాస్టిక్ పూత, పీయూ అడుగు, గాలిలో తేమకి ఏళ్ళ తరబడి నానితే వాటంతట అవే విరిగి రాలిపోతాయి. వేసుకోకుండా డబ్బాలో దాచినా అంతే. కాబట్టి "ఒక్కసారే వేసినవి" అన్న మాట నిజమే అయినా చెప్పు మంచిదని అర్థం కాదు. ఎప్పుడు కొన్నారో అడగాలి.

"వేలంలో అమ్మినవి వాపసు తీసుకోం" అని ఆ పేజీవాళ్ళు ముందే రాశారు. నా అదృష్టం, డబ్బా విప్పేటప్పుడు వీడియో తీశాను. నచ్చలేదు, సరిపోలేదు అని రాయలేదు. వాళ్ళ వివరణ స్క్రీన్‌షాట్, వాలిన మడమని వెనక నుంచి తీసిన ఫొటో, మేకు ఫొటో, మూడూ ఒకే మెసేజ్‌లో పంపి, "మీరు రాసినదానికీ వచ్చినదానికీ తేడా ఇది, డబ్బు వాపసు ఇవ్వండి" అని మాత్రమే రాశాను. మూడో రోజు ఒప్పుకున్నారు. 2,400 తిరిగొచ్చాయి. వచ్చేటప్పుడు కొరియర్ 140, పంపేటప్పుడు 190, మొత్తం 330 నా చేతి నుంచి పోయాయి.

ఆ మెసేజ్‌లో మాటల ఎంపిక ముఖ్యం. 2020లో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం వస్తువులో లోపం ఉన్నా, ప్రకటనలో చెప్పినట్టు లేకపోయినా అమ్మినవాళ్ళు వాపసు కాదనకూడదు. "నాకు బిగుతైంది" అన్నదానికి ఆ రక్షణ లేదు, అది వాళ్ళ రిటర్న్ పాలసీని బట్టి ఉంటుంది. ఇంకో సంగతి, ఈ నిబంధనలు వ్యాపారంగా అమ్మేవాళ్ళకే. ఎవరో ఒకమ్మాయి తన పెళ్ళి చెప్పులు ఒక్క జత అమ్ముకుంటే ఆమెకి వర్తించవు. అలాంటి చోట పాడేముందే అన్నీ అడిగి తేల్చుకోవాలి. వ్యాపారం చేసేవాళ్ళు మొండికేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల రూపాయల వరకు కేసుకి ఫీజు కూడా లేదు.

విదేశీ వేలం సంగతి వేరు. అమెరికా వేలం సైట్ ఈబే మన దేశంలో 2004లో ఇక్కడి వేలం సైట్ బాజీ డాట్ కామ్‌ని కొని నడిచింది, 2018 ఆగస్టు 14న ఈబే ఇండియా సైట్ మూతపడింది. ఇప్పుడు హైదరాబాద్ నుంచి పాడాలంటే అమెరికా సైట్ లాంటి విదేశీ ఈబే సైట్లలో ఇండియాకి పంపే అమ్మకందారుల దగ్గరే. అక్కడి పద్ధతి నాకు నచ్చుతుంది. మనం ఎంతవరకు ఇవ్వగలమో ఒక్కసారి చెప్తే చాలు, అవతలివాళ్ళు పెంచినప్పుడల్లా మన తరఫున సైటే కొద్దికొద్దిగా పెంచుతుంది. మనం 3,000 అని పెట్టినా రెండో మనిషి 1,700 దగ్గర ఆగిపోతే మనకి అంతకి కాస్త ఎక్కువలో వచ్చేస్తుంది. ఫోన్ లైవ్‌లో ఇలా ఉండదు. అక్కడ ప్రతి పాటా మన నోటితో, అంటే మన వేలితో పాడాలి, పంతం వచ్చేస్తుంది. కాలిఫోర్నియాలో సాయంత్రం ఆరింటికి ముగిసే వేలం మనకి మర్నాడు పొద్దున వేసవిలో ఆరున్నరకి, చలికాలంలో ఏడున్నరకి ముగుస్తుంది. పరిమితి రాత్రే పెట్టేసి, పొద్దున టిఫిన్ పనిలో పడితే ఏ టెన్షనూ ఉండదు.

కష్టమంతా తిరిగి పంపడంలోనే. చెప్పినట్టు లేకపోతే ఈబే హామీ కింద 30 రోజుల్లోపు అడగవచ్చు. అప్పుడు వాపసు ఖర్చు అమ్మినవాళ్ళదే. మనసు మారితే, సైజు కుదరకపోతే అమ్మినవాళ్ళు వాపసు ఒప్పుకుంటామని రాసి ఉండాలి, సాధారణంగా కొరియర్ మనమే పెట్టుకోవాలి. ఎయిర్ కొరియర్ వాళ్ళు అసలు బరువొక్కటే చూడరు, డబ్బా పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగించి, ఏది ఎక్కువైతే దానికి తీసుకుంటారు. 33, 20, 12 కొలతల డబ్బా ఒక కిలో లోపే తూగినా కిలోన్నర దాటిన లెక్కలో పడుతుంది. దీనికి తోడు ఇక్కడికి వచ్చినప్పుడు కట్టిన కస్టమ్స్ సుంకం, దిగుమతి మీద వేసే జీఎస్టీ (ఐజీఎస్టీ) తిరిగి రాబట్టుకోవడం మాటలు కాదు. చారాణా కోడికి బారాణా మసాలా అంటారే, అచ్చం అదే. పైగా వాడిన వస్తువుల దిగుమతికి మన విదేశీ వాణిజ్య విధానం ప్రకారం అనుమతి పత్రం కావాలి. పాత హీల్స్ కస్టమ్స్‌లో ఆగిపోతే మన చేతిలో ఏమీ ఉండదు. కాబట్టి విదేశీ వేలంలో పాడితే పూర్తిగా కొత్తవే, అదీ ఆ కంపెనీ, ఆ మోడల్ ఇంతకుముందు మీ కాలికి పట్టి ఉంటేనే పాడండి.

సైజు దగ్గర మా చెల్లెలు చేసిన పొరపాటు చాలామంది చేస్తారు. ఆరుకి ముప్ఫై తొమ్మిది అన్నది మామూలు పట్టిక. కంపెనీకో పట్టిక ఉంటుంది. ఒట్టి 8 అని రాసి ఉంటే, అది అమెరికా ఆడవాళ్ళ సైజైతే మన ఆరు. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ చేసిన సర్వేలో మన పాదాలు యూరప్, అమెరికా వాళ్ళవాటికన్నా వెడల్పని తేలింది. పొడవు సరిపోయినా చిటికెన వేలు దగ్గర నొక్కేది అందుకే. సాయంత్రం, కాళ్ళు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, గోడకి మడమ ఆనించి కాగితం మీద నిలబడి రెండు కాళ్ళూ కొలుచుకోండి, పెద్దదాన్ని లెక్కలోకి తీసుకోండి. అమ్మేవాళ్ళని సైజు నంబర్‌తో పాటు చెప్పు లోపలి పొడవు, వేళ్ళ మొదళ్ళ దగ్గర అడుగు వెడల్పు సెంటీమీటర్లలో అడగండి. రెండూ గచ్చు మీద నిలబెట్టి వెనక నుంచి తీసిన ఫొటో, తిరగేసి అడుగు ఫొటో, మడమ బిళ్ళ దగ్గరగా తీసిన ఫొటో కావాలనండి. పక్క నుంచి తీసిన అందమైన ఫొటోలు పది పంపి, ఈ మూడూ పంపకపోతే ఆ పాట వదిలేయడమే మంచిది.

షాపింగ్ యాప్‌లో కొంటే ధర ఎక్కువైనా, వాపసు తేలిక. ఇంటికొచ్చి తీసుకెళ్తారు. అయితే కొన్ని జతలకి "మార్పిడి మాత్రమే" అని ఉంటుంది, కొనేముందు చదవండి. వేసి చూసేది మంచం మీదో దుప్పటి మీదో. గ్రానైట్ గచ్చు మీద నాలుగడుగులు వేస్తే అడుగున గీతలు పడతాయి, తీసుకెళ్ళడానికి వచ్చిన అబ్బాయి వాడినవని తీసుకోనంటాడు. చెప్పుల డబ్బా మీద నేరుగా టేప్ అంటించకండి, దాన్నీ సరుకులో భాగంగానే చూస్తారు. ధర చూసేటప్పుడు ఇంకొకటి. 2025 సెప్టెంబర్ 22 నుంచి 2,500 వరకు ఉన్న జతకి జీఎస్టీ 5 శాతం, దాటితే 18 శాతం. ఆ గీతకి కాస్త పైనున్న జత నచ్చితే, కింద అలాంటిదే ఉందేమో వెతకడం దండగ కాదు.

నాకు మాత్రం మొదటి జతకి సుల్తాన్ బజార్‌ని మించింది లేదు. మెట్రో గ్రీన్ లైన్‌లో ఆ పేరుతోనే స్టేషన్ ఉంది, దిగితే బజారే. అటకెక్కిన అబ్బాయి ఒక్కో డబ్బా కిందికి విసురుతుంటే కిందున్నాయన పట్టుకుని మూత తీసి మన ముందు పెడతాడు. ఆరు బిగుతైతే ఏడు, ఏడు జారితే ఇంకో మోడల్‌లో ఆరు. అరగంటలో ఎనిమిది జతలు వేసి నడిచి చూడొచ్చు. ఆ ఎనిమిదీ ఆన్‌లైన్‌లో తెప్పించి పంపాలంటే నెల పడుతుంది. బిల్లు మీద "ఒకసారి అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని అచ్చు వేసి ఉంటుంది, దానికి భయపడొద్దు. లోపమున్న సరుకుని బిల్లులో రాసిన గడువులో, గడువు రాయకపోతే 30 రోజుల్లో వెనక్కి తీసుకోకపోవడం 2019 వినియోగదారుల చట్టం ప్రకారం తప్పే. మడమ ఊడితే బిల్లు పట్టుకుని వెళ్ళండి. రంగు నచ్చలేదంటే మాత్రం మార్పిడికి వాళ్ళ మంచితనమే దిక్కు. బజారులో లోటల్లా రకాలు తక్కువ. విదేశీ కంపెనీల మోడళ్ళు, ఎనిమిది దాటిన సైజులు దొరకడం కష్టం. ఆ అవసరం ఉన్నవాళ్ళకి వేలమే దారి, వాళ్ళని నేను ఆపను.

పాడాలనుకుంటే పరిమితి ముందే కాగితం మీద రాసుకోండి. అదే జత షాపులో 2,500 పెట్టి కొంటారనుకుందాం. వచ్చే కొరియర్‌కి 150, తిప్పి పంపాల్సొస్తే 200, చెప్పులు కుట్టేవాళ్ళ దగ్గర మడమ బిళ్ళలు మార్పించడానికి ఇంకో 150 తీసేయండి. 2,000 మీ చివరి పాట. అవతలివాళ్ళు 2,050 అన్నారా, వాళ్ళకే పోనివ్వండి.

మా చెల్లెలికి అసలు ఇబ్బంది తేదీది. లెహంగా అంచు ఎక్కడికి రావాలో టైలర్ తేల్చాలంటే ఆ హీల్స్ వేసుకునే నిలబడాలి. వేలంలో వచ్చింది కుదరక వెనక్కి పంపితే లెహంగా కూడా ఆగిపోతుంది. అందుకే శనివారం సాయంత్రం ఇద్దరం సుల్తాన్ బజార్ వెళ్ళాం. మూడో షాపులో ఒక కంపెనీ జత, మూడంగుళాల వెడల్పు మడమది, బంగారు రంగు, వేసుకుని అద్దం దాకా వెళ్ళొచ్చి "ఇవే అక్కా" అంది. సైజు ఆరు కాదు, ఏడు. డబ్బా పక్కనున్న మోడల్ నంబర్, లోపలి పొడవు తన ఫోన్లో రాసుకుంది. అదే మోడల్ వెండి రంగులో ఇప్పుడొక వేలంలో ఉంది, ఇంకా వాడనిది, ఏడే. 1,500 అని పెట్టి పడుకుందట.