కూపనా, అడ్డానా? జాబితాలో లేని జనాన్ని సర్వే చేయాలంటే

ఓటర్ల లిస్టు లాంటిది ఉంటే లాటరీ తీసినట్టు పేర్లు ఎంచుకోవచ్చు. హైదరాబాద్ అడ్డా కూలీలకి, ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళకి అలాంటి పూర్తి లిస్టు ఎక్కడ దొరుకుతుంది?

అలాంటివాళ్ళని సర్వే చేయడానికి ఇక్కడ రెండు పద్ధతులు చూద్దాం: అడ్డా, కూపన్. అడ్డా పద్ధతిలో జనం ఎక్కడ, ఏ రోజు, ఏ టైముకి చేరతారో పట్టిక వేసి, అందులో కొన్నిటిని లాటరీలా తీసి అక్కడికి వెళ్తారు. కూపన్ పద్ధతిని అమెరికన్ సోషియాలజిస్ట్ డగ్లస్ హెకథార్న్ 1997లో ప్రతిపాదించారు. కొద్దిమందితో మొదలుపెట్టి, తెలిసినవాళ్ళకి ఇమ్మని ఒక్కొక్కరికీ మామూలుగా మూడేసి కూపన్లు ఇస్తారు. అవి పట్టుకుని వచ్చినవాళ్ళకీ మళ్ళీ అలాగే కూపన్లు. జవాబు చెప్పినందుకు కొంత డబ్బు, తెలిసినవాళ్ళని పంపినందుకు ఇంకొంత.

ఖర్చు: అడ్డాకి ముందస్తు తిరుగుడు, మనుషుల జీతాలు. కూపన్‌కి ఆఫీసు గది, ఇచ్చే డబ్బులు.

శ్రమ: అడ్డాలో తెల్లారేసరికి ఉండాలి. మేస్త్రీ పిలిచాడంటే మూడో ప్రశ్న దగ్గరే మనిషి లేచి వెళ్ళిపోతాడు. కూలి పోగొట్టుకుని మనకెందుకు జవాబు చెప్తాడు? కూపన్‌లో వాళ్ళే వస్తారు.

రిస్క్: అడ్డాకి రానివాళ్ళు అసలు లెక్కలోకే రారు. కూపన్లేమో ఒకే ఊరివాళ్ళ మధ్య తిరుగుతూ ఉండిపోవచ్చు. పైగా "మీకు ఇలాంటివాళ్ళు ఎంతమంది తెలుసు?" అని అడిగి, ఆ అంకెతోనే వెయిట్లు, అంటే ఎవరి జవాబుకి లెక్కలో ఎంత బరువివ్వాలో, కట్టాలి. "ఓ ఇరవై ముప్పై ఉంటారు" అంటారు. నాకు టెన్షన్ అక్కడే. ఆ అంకె అడగకపోతే మిగిలేది ఉత్త స్నోబాల్, అంటే ఒకరు చెప్తే ఇంకొకరిని కలుస్తూ పోవడమే.

నలుగురిలో కనపడే అడ్డా కూలీలకైతే అడ్డా పద్ధతే. ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళు ఒకచోట చేరరు, కానీ ఒకరికొకరు తెలుసు. వాళ్ళకి కూపనే. ఒకరికొకరు తెలియని చోట మాత్రం కూపన్ల జోలికి పోకండి, రెండో చేతిలోనే ఆగిపోతాయి.