కాపర్ టీ: మొదటి నెలలు, ఆ తర్వాతి ఏళ్లు

రెండో కాన్పయ్యాక, మళ్లీ గర్భం రాకుండా గర్భాశయంలో వేయించుకున్న కాపర్ టీని ఇంకా మార్చుకోలేదు. అప్పటి పసిబిడ్డకు ఇప్పుడు తొమ్మిదో ఏడు. మొదట్లో అది నన్ను బాగానే ఇబ్బంది పెట్టింది. ఆ తర్వాత ఒంట్లో ఉందన్న ధ్యాసే లేకుండా పోయింది. ఈ రెండు సంగతులనూ కలిపి చెప్పేవాళ్లు నాకు ఎవరూ దొరకలేదు. కొందరు భయపెట్టారు, మరికొందరు ఏమీ ఉండదులే అని తేల్చేశారు. ఈ సమీక్ష రాయడానికి కారణం అదే.

నాది కాపర్ టీ 380ఏ రకం. 380 అంటే అందులోని రాగి ఉపరితలం, చదరపు మిల్లీమీటర్లలో. అగ్గిపుల్ల కంటే పొట్టిగా ఉండే ప్లాస్టిక్ చట్రానికి సన్నని రాగి తీగ చుట్టి ఉంటుంది. దాని నుంచి వెలువడే రాగి అయాన్లు వీర్యకణాలను దెబ్బతీసి, అవి అండాన్ని చేరకుండా చేస్తాయి. కాపర్ టీ నెలనెలా గర్భస్రావం చేస్తుందనే మాట చాలామంది నోట విన్నాను. అది నిజం కాదు. ప్రధానంగా ఫలదీకరణ జరగకముందే అడ్డుకుంటుంది. హార్మోన్లు లేవు కాబట్టి బిడ్డకు పాలివ్వడానికి నాకు ఏ ఆటంకమూ కలగలేదు.

వేయడం కొన్ని నిమిషాల పనే. గర్భాశయ ముఖద్వారాన్ని పట్టుకున్నప్పుడు, లోపలి లోతు కొలిచినప్పుడు ముట్టునొప్పి లాంటిది గట్టిగా వచ్చి తగ్గింది. అందరికీ ఇంత తేలికగా జరగదు. ఇంకా పిల్లలు లేని నా స్నేహితురాలు కళ్లు తిరిగి చాలాసేపు లేవలేకపోయింది. నొప్పి తగ్గించే మందు ఇస్తారా, మత్తు ఇంజెక్షన్ ఉంటుందా అని ముందే అడగండి. మొహమాటపడవలసిన పని లేదు.

అసలు పరీక్ష ఆ తర్వాత మొదలైంది. మొదటి కొన్ని నెలలు రక్తస్రావం బాగా పెరిగింది. నెలసరి రెండో రోజు బయటికి వెళ్లాలంటేనే భయం వేసేది. నొప్పికి డాక్టరు ఐబుప్రోఫెన్ రాశారు, అది రక్తస్రావాన్ని కూడా కొంత తగ్గిస్తుందని చెప్పారు. వేయించుకునే ముందు బాగానే ఉన్న హిమోగ్లోబిన్ కాస్త పడిపోవడంతో ఐరన్ మాత్రలు కూడా వాడాను. సాధారణంగా మూడు నుంచి ఆరు నెలల్లో ఒళ్లు అలవాటు పడుతుందన్నారు. నాకు దాదాపు ఆరు నెలలూ పట్టింది. ఇప్పటికీ నెలసరి పాత రోజులకంటే కొంచెం ఎక్కువగానే అవుతుంది. చాలామంది ఈ మొదటి నెలల్లోనే విసిగి తీయించేసుకుంటారు. ఇలా ఉంటుందని, తగ్గుతుందని ముందే ఎవరైనా వివరంగా చెబితే వారిలో కొందరైనా ఆగేవారని నాకు గట్టి నమ్మకం.

అయితే ముందునుంచే విపరీతంగా రక్తస్రావమయ్యేవారికి, రక్తహీనత ఉన్నవారికి నేను దీన్ని సూచించను. వారికి ఇలాగే గర్భాశయంలో వేసే హార్మోన్ రకం నయం. మా అక్క వాడేది అదే. అందులోని లెవోనార్జెస్ట్రెల్ అనే హార్మోన్ ముఖద్వారం దగ్గరి జిగురును చిక్కబరుస్తుంది, గర్భాశయం లోపలి పొరను పలచబరుస్తుంది. నెలసరి బాగా తగ్గిపోతుంది, కొందరికి పూర్తిగా ఆగిపోతుంది. అక్కకు మొదట్లో వేళాపాళా లేకుండా చుక్కలు చుక్కలుగా కనిపించి విసుగు పుట్టించింది, తర్వాత సర్దుకుంది.

భరోసా విషయంలో నాకు ఏ ఫిర్యాదూ లేదు. కాపర్ టీ ఉన్నవారిలో మొదటి ఏడాది గర్భం వచ్చేది నూటికి ఒకరికంటే తక్కువ మందికే. గర్భనిరోధక మాత్రలు మామూలుగా వాడేవారిలో ఆ సంఖ్య దాదాపు ఏడు. మందులో లోపం ఉండి కాదు, రోజూ గుర్తుపెట్టుకోవడం కష్టమై. ఇద్దరు పిల్లలతో సతమతమయ్యే రోజుల్లో రాత్రిపూట మాత్ర వేసుకున్నానా లేదా అని ఆలోచించనక్కర్లేకపోవడం నాకు ఎంత పెద్ద ఊరటో మాటల్లో చెప్పలేను.

కాపర్ టీ అడుగున ముఖద్వారం దగ్గర సన్నని దారాలు వేలాడుతుంటాయి. ఒకసారి అవి వేలికి తగలలేదు. కాపర్ టీ ఒక్కోసారి జారి బయటికి వచ్చేస్తుంది, ముఖ్యంగా మొదటి నెలల్లో. చాలా అరుదుగా గర్భాశయం గోడను చీల్చే ప్రమాదమూ ఉంది. అందుకే స్కానింగ్ తీయించుకున్నాను, అప్పటిదాకా కండోమ్ వాడాం. దారాలు లోపలికి ముడుచుకున్నాయంతే, కాపర్ టీ సరైన చోటే ఉంది. మొదట్లో దారాలు గుచ్చుకుంటున్నాయని మావారు అన్నారు. కొన్నాళ్లకు అవి మెత్తబడ్డాయి, ఆ మాట మళ్లీ రాలేదు.

నెలసరి తప్పితే మాత్రం కాపర్ టీ ఉంది కదా అని ఊరుకోకూడదు. గర్భం రావడం అరుదే, కానీ వస్తే అది గర్భాశయం బయట, అండనాళంలో నిలిచే అవకాశం మామూలుకంటే ఎక్కువ. అది ప్రాణం మీదికి తెస్తుంది. జ్వరం, దుర్వాసనతో తెల్లబట్ట, తగ్గని పొత్తికడుపు నొప్పి ఉన్నా వెంటనే డాక్టరుకు చూపించుకోవాలి. సుఖవ్యాధులను ఇది ఆపదు, అందుకు కండోమ్ వాడక తప్పదు.

380ఏ రకం గడువు పదేళ్లు. నాది దగ్గరపడుతోంది. తీయడం వేయడమంత కష్టం కాదట, తీసిన వెంటనే కొత్తది వేయించుకోవచ్చని డాక్టరు చెప్పారు. ఇంకో బిడ్డ కావాలనుకునేవారికి తీశాక గర్భధారణ శక్తి వెంటనే తిరిగి వస్తుంది. నేను మళ్లీ కాపర్ టీనే వేయించుకుంటాను. ఈసారి ముందుగా రక్తపరీక్ష చేయించుకుని, హిమోగ్లోబిన్ తక్కువగా ఉంటే అక్క వాడే రకం అడుగుతాను.