తిరుపతిలో ఎథికల్ హ్యాకింగ్ ‘కోర్సు, కిట్’ కొనబోతున్నారా? ముందు ఇది చదవండి

చిత్తూరు, పుత్తూరు, శ్రీకాళహస్తి నుంచి బస్సెక్కి తిరుపతికి వచ్చే బీటెక్, డిగ్రీ పిల్లలకు ఒక ప్యాకేజీ అంటగడుతున్నారు: క్లాసులు, ‘హ్యాకింగ్ పెన్‌డ్రైవ్’, వైఫై అడాప్టర్, చివర్లో సర్టిఫికెట్. సెంటర్ పేరు రాయడం లేదు, ఈ వ్యాపారం ఒక్కరిదే కాదు కాబట్టి.

డెమో క్లాసులో అందరూ నోరు తెరిచి చూసే ఆట ఒకటుంది. ‘సర్వర్ పది సెకన్లలో పడిపోతుంది, చూడండి’ అంటారు. ఆ సర్వర్ మెటాస్‌ప్లాయిటబుల్ 2. నేర్చుకునేవాళ్ళ కోసం కావాలనే కంతలు పెట్టి చేసిన ఉచిత వర్చువల్ మిషన్ (మన కంప్యూటర్ లోపలే నడిచే ఇంకో కంప్యూటర్). అందులో వీఎస్‌ఎఫ్‌టీపీడీ 2.3.4 అనే ఫైళ్ళు పంపే సర్వర్ సాఫ్ట్‌వేర్ ఉంటుంది. 2011లో ఎవరో ఆ సాఫ్ట్‌వేర్ డౌన్‌లోడ్ ఫైల్లో దొంగ తలుపు దూర్చారు. యూజర్‌నేమ్ చివర కోలన్, మూసే బ్రాకెట్ (అదే, నవ్వు బొమ్మ) కొడితే 6200 పోర్టులో రూట్ షెల్, అంటే సర్వర్ మీద పూర్తి పెత్తనం ఇచ్చే కమాండ్ తెర, తెరుచుకుంటుంది. కొద్ది రోజుల్లోనే పట్టుకుని తీసేశారు. పాఠంగా చక్కగా పనికొస్తుంది. కానీ దాన్ని చూపించి ‘బ్యాంకు సర్వర్లూ ఇంతే’ అన్నారంటే లేచి వచ్చేయండి. తలుపు ఎందుకు తెరుచుకుంది, దాన్ని ఎలా మూయాలి అని అడిగి చూడండి. జవాబు రాకపోతే అక్కడ నేర్పేది బటన్లు నొక్కడమే.

ఇక పెన్‌డ్రైవ్. అందులో ఉండేది కాలీ లైనక్స్, హ్యాకింగ్ టూల్స్‌తో వచ్చే ఆపరేటింగ్ సిస్టమ్. ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. యూజర్‌నేమ్ రూట్, పాస్‌వర్డ్ టూర్ అని కొడితే లాగిన్ అవుతోందా? అయితే అది 2020కి ముందుది. ఇప్పుడు యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ రెండూ ‘కాలీ’యే. పైగా 2025లో కాలీ వాళ్ళు సంతకం కీ (అప్‌డేట్లు అసలువేనని తేల్చే డిజిటల్ తాళం) మార్చారు. పాతదాంట్లో అప్‌డేట్ కొడితే కీ లేదని ఎర్రర్ వస్తుంది, కొత్త టూల్స్ ఎక్కవు. ఊరూపేరూ లేని కాపీలో ఇంకేం కలిపారో కూడా తెలియదు. అధికారిక సైట్ నుంచి దించుకుని, ఎస్‌హెచ్‌ఏ256 (ఫైల్ మారలేదని చూపే కోడ్) సైట్‌లో ఉన్నదాంతో సరిపోల్చి, వర్చువల్ మిషన్లు నడిపే వర్చువల్‌బాక్స్‌లో వేసుకోండి. 8 జీబీ ర్యామ్ ఉంటే పని జరుగుతుంది.

అసలు మోసం అడాప్టర్ దగ్గర. టీపీ-లింక్ డబ్ల్యూఎన్722ఎన్ పేరు వినే ఉంటారు. పేరొచ్చింది వెర్షన్ 1కి, అందులోని ఏథెరోస్ ఏఆర్9271 చిప్‌కి. వెర్షన్ 2, 3 వచ్చేసరికి లోపల రియల్‌టెక్ చిప్. మోడల్ పేరు మాత్రం మారలేదు. మానిటర్ మోడ్ (చుట్టూ ఉన్న వైఫై డేటాను వినడం), ప్యాకెట్ ఇంజెక్షన్ (అందులోకి మన డేటా పంపడం) కోసం వేరే డ్రైవర్ కంపైల్ చేసుకోవాలి, కెర్నల్ (లైనక్స్ గుండెకాయ) మారినప్పుడల్లా మళ్ళీ తిప్పలే. డబ్బు ఇవ్వకముందే ల్యాప్‌టాప్‌కి గుచ్చి, లైనక్స్‌లో ఎల్‌ఎస్‌యూఎస్‌బీ అనే కమాండ్ కొట్టండి, లోపలి చిప్ నంబరు చూపిస్తుంది. 0సీఎఫ్3:9271 కనిపిస్తే పాత వెర్షన్ 1. 2357:010సీ అయితే ‘హ్యాకింగ్ అడాప్టర్’ ధర పెట్టొద్దు. పాతదైనా 2.4 గిగాహెర్ట్జ్‌లోనే పనిచేస్తుంది, ఇంట్లో రౌటర్ ఇచ్చే 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ దానికి కనబడనే కనబడదు.

‘హోంవర్క్’గా పక్కవాళ్ళ వైఫై, కాలేజీ వెబ్‌సైట్ మీద ప్రయత్నించమంటే అక్కడితో ఆపేయండి. యజమాని అనుమతి లేకుండా చొరబడితే ఐటీ చట్టం 2000, సెక్షన్ 43. దురుద్దేశం కలిస్తే సెక్షన్ 66: మూడేళ్ళ వరకు జైలు, లేదా 5 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. సారు చెప్పారన్నా కేసు మీ మీద పడుతుంది. సాధనకు కావాలనే కంతలు పెట్టిన వెబ్ యాప్‌లు డీవీడబ్ల్యూఏ, జ్యూస్ షాప్, ఆన్‌లైన్ పాఠాల పోర్ట్‌స్విగర్ అకాడమీ ఉన్నాయి, అన్నీ ఉచితం. మెటాస్‌ప్లాయిటబుల్‌ని మాత్రం వర్చువల్‌బాక్స్‌లో హోస్ట్-ఓన్లీ నెట్‌వర్క్‌లోనే (మీ కంప్యూటర్ దాటనిది) పెట్టండి. బ్రిడ్జ్ (బయటి నెట్‌వర్క్‌తో కలిపే) సెట్టింగ్‌లో పెడితే హాస్టల్ వైఫైలో ఉన్న ఎవరికైనా అది అందుబాటులో ఉంటుంది.

సర్టిఫికెట్ సంగతి ఒక్క మాట: సెంటర్ అచ్చేసి ఇచ్చే కాగితం వేరు, సీఈహెచ్ వేరు. సీఈహెచ్ అంటే సర్టిఫైడ్ ఎథికల్ హ్యాకర్, ఈసీ-కౌన్సిల్ అనే సంస్థ పెట్టే 4 గంటల్లో 125 ప్రశ్నల పరీక్ష. పరీక్ష రాయడానికి కావలసిన వోచర్ ఫీజులో ఉందా, విడిగా కొనాలా అన్నది బిల్లు మీద రాయించుకోండి.

ఇప్పటికే ఫీజు కట్టేసి ఇరుక్కున్నవాళ్ళు రసీదు, వాట్సాప్‌లో ఇచ్చిన హామీలు, అడాప్టర్ డబ్బా మీది వెర్షన్ ఫొటో దాచుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి.