ఆరేళ్లుగా నడుపుతున్న నా గాలిబండి

2019 ఎండాకాలంలో హన్మకొండలో ఒక వెల్డింగ్ షాపు ముందు రెండు రోజులు కూర్చొని చేయించుకున్న బండి ఇది. మూడు చక్రాలు, కాళ్లు చాపుకుని కూర్చునే సీటు, సీటు ముందు 12 అడుగుల మాస్ట్ (తెరచాప కట్టే నిలువు గొట్టం), దానికి 4 చదరపు మీటర్ల తెరచాప. ఇంజన్ లేదు, పెడల్ లేదు, బ్యాటరీ లేదు. కాళ్లతో ముందు చక్రాన్ని తిప్పాలి, చేత్తో తెరచాప తాడు పట్టుకోవాలి. విదేశాల్లో ల్యాండ్ యాట్ అంటారు. మావైపు అందరూ గాలిబండి అంటున్నారు, నాకూ ఆ పేరే నచ్చింది. తెరచాపతో కలిపి అప్పట్లో 14,500 రూపాయలు అయింది. తర్వాత మార్పులకు ఇంకో 9 వేల దాకా పెట్టాను.

ముందుగా అందరూ అడిగేదానికి జవాబు చెప్తాను. ఏడాది పొడవునా నడుస్తుందా? మన దగ్గర నడవదు. మంచి గాలి ఉండేది రోహిణి కార్తె చివర నుంచి ఆగస్టు దాకానే. మృగశిర వచ్చిందంటే పడమటి గాలి మొదలవుతుంది, గాలి వేగం కొలిచే నా చేతి మీటర్‌లో మధ్యాహ్నం పూట గంటకు 18 నుంచి 25 కిలోమీటర్లు చూపిస్తుంది. ఈ బండికి అది సరిపోయే గాలి. అక్టోబర్ నుంచి ఫిబ్రవరి దాకా చాలా రోజులు తెరచాప కదలదు. ఆ నెలల్లో బేరింగులకు గ్రీజు పెట్టుకోవడం, కుట్లు చూసుకోవడం తప్ప పని ఉండదు.

గాలి ఉంటే చాలదు, నేల కావాలి. మేం నడిపేది హసన్‌పర్తి వైపు ఒక చెరువు శిఖంలో. నీళ్లు తగ్గాక గట్టిపడిన అంచు నేల సిమెంట్ గచ్చులా ఉంటుంది. నడుమ ఉండే నల్లమట్టి మాత్రం చేయి దూరేంత నెర్రెలిస్తుంది, అక్కడికి పోకూడదు. మిషన్ కాకతీయలో పూడిక తీశాక, కాల్వల నీళ్లు వచ్చాక చెరువులు మునుపటిలా ఎండటం లేదు. రైతులకు అది చాలా మేలు, నాకూ సంతోషమే. బండికి మాత్రం చోటు తగ్గింది. ఇప్పుడు ఎక్కువగా మడికొండ దగ్గర ఇంకా ఇళ్లు కట్టని ఒక వెంచర్‌లో, యజమాని అనుమతితో నడుపుతున్నాం. ఏప్రిల్, మే నెలల్లో చదునుగా ఉన్న ప్రతి జాగాలో వడ్లు ఆరబోసి ఉంటాయి. ఆ రోజుల్లో బండి బయటికి తీయను.

మొదటి ఏడాది బాగా సతాయించినవి టైర్లు. తోపుడు బండి చక్రాలు వేయించాను, ఒక్క సీజన్‌లో 11 పంక్చర్లు. శిఖంలో అంతా సర్కారు తుమ్మే కదా. దాని ముల్లు ఎండాక మేకులా దిగుతుంది. ట్యూబుల్లో పంక్చర్ జెల్ పోయించాక ఆ బాధ తప్పింది. తెరచాప మూడోది ఇప్పుడున్నది. మొదటిది ఫ్లెక్సీ గుడ్డ, ఒక్క ఎండాకాలానికే పెళపెళా విరిగింది. రెండోది టార్పాలిన్, గట్టిదే కానీ బరువు, పైగా ఒంపు నిలవదు. మూడోది డాక్రాన్ అనే పాలిస్టర్ గుడ్డ తెప్పించి, లోపల అడ్డపుల్లలు పెట్టి కుట్టించాను. తెరచాప చదునుగా ఉంటే రెపరెపలాడుతుందే గానీ లాగదు. విమానం రెక్కలా కొంచెం ఒంపు తిరిగి ఉండాలి. డబ్బు పెట్టాల్సింది ముందుగా దీని మీదే.

గాలి వెనక నుంచి తోస్తే వేగంగా పోతామని చాలామంది అనుకుంటారు. గాలి వాలుకే పోతే గాలి కంటే వేగంగా పోలేం, ఎందుకంటే గాలి వేగం అందుకోగానే తెరచాపకు గాలి తగలదు. అడ్డంగా పోతేనే అసలు సంగతి తెలుస్తుంది. బండి కదిలిన కొద్దీ ఎదురుగాలి పుడుతుంది, అది అసలు గాలితో కలిసి తెరచాపను ఇంకా లాగుతుంది. అలా గాలిని మించిపోవచ్చు. 2022 డిసెంబర్‌లో దక్షిణ ఆస్ట్రేలియాలో గెయిర్డ్‌నర్ అనే ఉప్పు సరస్సు మీద గ్లెన్ ఆష్‌బీ గంటకు 222 కిలోమీటర్ల వేగం అందుకున్నాడు. అప్పుడు వీచిన గాలి దాదాపు 40 కిలోమీటర్లే. నా బండికి ఫోన్ జీపీఎస్‌లో వచ్చిన గరిష్ఠం 38. ఇది ముందు 31 దగ్గరే ఆగిపోయేది. ఆ తేడా ఎలా వచ్చిందో చెప్పాలంటే మంచు దేశం కథ చెప్పాలి.

మా పెద్దోడు అమెరికాలో మాడిసన్‌లో ఉంటాడు. ఒక జనవరిలో వెళ్లాను. వాళ్ల ఊరి మెండోటా సరస్సు చలికాలంలో గడ్డకడుతుంది, దాని మీద తెరచాప పడవలు ఉక్కు బ్లేడ్ల మీద పరుగెడతాయి. ఎక్కువగా కనిపించేది డీఎన్ అనే రకం. డెట్రాయిట్ న్యూస్ పత్రికవాళ్ల వర్క్‌షాపులో 1937లో తయారైంది, ఆ పేరులోని మొదటి అక్షరాలే డీఎన్. 12 అడుగుల పొడవు, 60 చదరపు అడుగుల తెరచాప. నేనున్న మూడు వారాల్లో నాలుగు రోజులే ఆడనిచ్చింది. మంచు కురిసి గడ్డ మీద పేరుకుంటే బ్లేడ్లు సాగవట. అక్కడివాళ్లు కూడా గాలి కోసం, గడ్డ కోసం మనలాగే ఎదురుచూస్తారని అప్పుడు తెలిసింది.

మావాడి స్నేహితుడొకరు తన పడవ ఇచ్చాడు. మెడలో రెండు ఐస్ మేకులు వేశాడు, గడ్డ విరిగి నీళ్లలో పడితే వాటిని గుచ్చుకుంటూ పైకి పాకాలి. వెనక నుంచి తోస్తూ పరుగెత్తి ఎక్కాలి. ఎక్కాక ఆ వేగం, ఆ నిశ్శబ్దం! బ్లేడ్ల కింద సన్నగా కర్ర్‌మనే చప్పుడు తప్ప ఏమీ లేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి చలికి వచ్చాయా, సంతోషానికి వచ్చాయా, ఇప్పటికీ చెప్పలేను.

నాకు పనికొచ్చింది మాత్రం పడవ ఎక్కకముందు చూసినది. ఆయన మోకాళ్ల మీద కూర్చొని, రెండు పక్కల బ్లేడ్లు ఒకదానికొకటి సమాంతరంగా ఉన్నాయా లేవా అని పావుగంట కొలిచాడు. మిల్లీమీటరు తేడా ఉన్నా బ్లేడ్లు ఒకదానితో ఒకటి కొట్లాడతాయి, వేగం చస్తుంది అన్నాడు.

ఇంటికొచ్చిన మర్నాడే బండి బయటపెట్టి, మేస్త్రీలు గోడకు లాగే నైలాన్ దారం కట్టి రెండు వెనక చక్రాల మధ్య దూరం కొలిచాను. ముందు వైపు 158 సెంటీమీటర్లు, వెనక వైపు 156.5. ఒకటిన్నర సెంటీమీటరు తేడా! టైర్ల లోపలి అంచులే ఎందుకు అరుగుతున్నాయో అప్పుడు అర్థమైంది. ఇరుసు కొసలు కోయించి, దారం పెట్టి దగ్గరుండి మళ్లీ వెల్డింగ్ చేయించాను. 31 నుంచి 38కి పోయింది అందుకే. బండి ఉన్నవాళ్లు ఇవాళే దారం కట్టి చూసుకోండి.

ఇక జాగ్రత్తలు. దీనికి బ్రేకు లేదు. తాడు వదిలేసి గాలికి ఎదురు తిప్పితే ఆగుతుంది. అందుకే తాడును చేతికి చుట్టుకోవద్దు. మా మేనల్లుడికి ఈ మాట వందసార్లు చెప్పాను, నేనే ఒకరోజు చుట్టుకున్నాను. ఒక్కసారి గాలి విసిరింది, తాడు ఊడి రాలేదు, ఒక చక్రం లేచి బండి పక్కకు పడింది. మణికట్టుకు నెల రోజులు కట్టు. "నువ్వే గిట్ల చేస్తే ఎట్ల మామా" అని వాడు ఏడ్చినంత పనిచేశాడు. హెల్మెట్ లేకపోతే ఇంకా పెద్ద దెబ్బే తగిలేది. మట్టి తవ్విన గుంతలు చెరువుల్లో ఎక్కడపడితే అక్కడ ఉంటాయి, నడిపే ముందు నేలంతా ఒకసారి నడిచి చూడాలి. అన్నింటికంటే ముఖ్యం కరెంటు తీగలు. పొలాల దగ్గర అవి ఎంత కిందికి వేలాడతాయో మనకు తెలుసు. నా మొదటి మాస్ట్ అల్యూమినియం గొట్టం. దాన్ని తీసేసి ఫైబర్‌ది వేయించాను, అయినా లైన్లు ఉన్న వైపుకు పోనే పోను.

ఒకసారి శిఖంలో గొర్రెలు కాసే పెద్దాయన వచ్చి, "ఏంది సారూ, ఎడ్లు లేవు, ఇంజన్ లేదు, ఎట్ల పోతాంది?" అని అడిగాడు. చూపించాను. ఆయన గుప్పెడు దుమ్ము తీసి వదిలి, అది పోయిన దిక్కు చూసి, ఆకాశం చూసి, "మబ్బు లేస్తాంది, బండి పండబెట్టు" అన్నాడు. మాస్ట్ దించి, బండి బోర్లించి తాడుతో కట్టేసిన పది నిమిషాలకు గాలిదుమారం వచ్చింది. ఎదుటి మనిషి కనిపించలేదు. అప్పటి నుంచి నేనూ దుమ్ము వదిలి చూడందే సీట్లో కూర్చోను.

మళ్లీ చేయించుకుంటే మూడు మార్పులు చేస్తాను. ఇరుసు ఇంకో అర అడుగు వెడల్పు, అప్పుడు చక్రం తొందరగా లేవదు. ఫ్రేమ్ బోల్టులతో విడదీసేలా ఉండాలి, ఇప్పుడు ఎటు పోవాలన్నా ట్రాలీ ఆటో మాట్లాడాల్సి వస్తోంది. మేనల్లుడికి ఒక చిన్న తెరచాప, 3 చదరపు మీటర్లది. గుడ్డ ఇప్పటికే తెప్పించాను, రోహిణి కార్తెలోగా కుట్టు పూర్తవ్వాలి.