నాలుగేళ్లు, మూడు గదులు: హాస్టల్‌కి మోసుకెళ్లిన సామాన్ల మీద నా రివ్యూ

హాస్టల్‌లో చేరిన రోజు నాతో రెండు పెద్ద సూట్‌కేసులు, ఒక బ్యాక్‌ప్యాక్, దుప్పట్ల మూట ఒకటి వచ్చాయి. ఖాళీ చేసిన రోజు బ్యాక్‌ప్యాక్, ఒక సంచీ మాత్రమే. మధ్యలో మూడు గదులు మారాను, నలుగురు రూమ్మేట్లతో కాపురం చేశాను. కొన్న వారానికే 'సూపర్' అని రాసే రివ్యూ కాదిది. వస్తువుల రంగులు వెలిసి, జిప్పులు ఊడాక రాస్తున్నాను.

సర్దుకునేటప్పుడు నేను చేసిన తప్పు ఒక్కటే. ఇంట్లో ఏమేం వాడతానో లిస్టు రాసుకున్నాను. ఇంట్లో మంచం పక్కనే స్విచ్ ఉంటుంది, నాలుగడుగుల్లో బాత్రూమ్ ఉంటుంది, లైటు ఆర్పమంటే ఆర్పుతారు. హాస్టల్‌లో ఇవన్నీ దూరాలే. ఆ దూరాన్ని తగ్గించిన వస్తువులే నాలుగేళ్లూ నాతో ఉన్నాయి. మిగతావి మంచం కింద దుమ్ము కొట్టుకుపోయాయి.

నా లెక్కలో మొదటి స్థానం ఎక్స్‌టెన్షన్ బోర్డుది. మొదటి గదిలో నా మంచానికీ ప్లగ్ పాయింటుకీ మధ్య బీరువా ఉండేది. ఇంటి నుంచి తెచ్చిన మీటరున్నర వైరు బోర్డు సరిగ్గా ఆ బీరువా దాకా వచ్చి ఆగిపోయింది. రెండు వారాలు బీరువా పక్కన నేల మీద కూర్చునే ఫోన్ మాట్లాడాను. తర్వాత మూడు మీటర్ల వైరు, ఒక్కో సాకెట్‌కి విడి స్విచ్, లోడ్ ఎక్కువైతే దానంతటదే ఆగిపోయే బటన్ ఉన్నది కొన్నాను. నాలుగేళ్లలో దాని తెలుపు పసుపుపచ్చకి తిరిగింది. మూడో ఏడాదికి ఒక సాకెట్ వదులైపోయి, ప్లగ్ పెడితే వేలాడేది. ఒకరోజు ముట్టుకుంటే వేడిగా తగిలింది. వెంటనే దానికి టేపు అంటించేశాను. వదులు సాకెట్‌తో సర్దుకుపోవద్దు, అక్కడి నుంచే మంటలు మొదలవుతాయి.

బోర్డు కొనేటప్పుడు దాని మీద రాసి ఉన్న ఆంపియర్లు, అంటే అది ఎంత కరెంటు తట్టుకుంటుందో, చూడండి. 1500 వాట్ల కెటిల్ 230 వోల్టుల లైను మీద దాదాపు ఆరున్నర ఆంపియర్లు లాగుతుంది. ఈ లెక్క మాకు రెండో సెమిస్టర్ పరీక్షల ముందురోజు రాత్రి తెలిసొచ్చింది. మా వాడు గోడ సాకెట్‌లో కెటిల్ పెట్టాడు, పక్క గదిలో ఎవరో ఇస్త్రీపెట్టె పెట్టారు. టప్‌మని శబ్దం, కారిడార్ మొత్తం చీకటి. ఒక్కొక్క తలుపే తెరుచుకుని, ఫోన్ టార్చీల వెనక నుంచి 'ఎవడ్రా అది?' అని గొంతులు. మేం కూడా బయటికొచ్చి 'ఎవడ్రా అది?' అన్నాం. ఆ కెటిల్ మళ్లీ అట్టపెట్టెలోకే పోయింది. చాలా హాస్టళ్లలో వేడి చేసే సామాను అసలు ఒప్పుకోరు, కాబట్టి సర్దడానికి ముందే రూల్స్ కాగితం చదవండి. మాకూ ఒకటి ఇచ్చారు, మేమే చదవలేదు.

రెండో దూరం బాత్రూమ్‌ది. గదికి ఇరవై అడుగుల అవతల ఉండేది. సబ్బు, షాంపూ, బ్రష్షు, పేస్టు చేతుల్లో పట్టుకెళ్లి, ఏదో ఒకటి అక్కడే మర్చిపోయి వచ్చేవాణ్ణి. మర్చిపోయిన సబ్బు దొరికిన చరిత్ర ఏ హాస్టల్‌లోనూ లేదు. మొదట జిప్పున్న గుడ్డ పౌచ్ కొన్నాను. అది ఎప్పుడూ తడిగానే ఉండి పది రోజుల్లో కంపు కొట్టింది. అప్పుడు తెచ్చుకున్నాను, అడుగున చిల్లులు, పైన పిడి ఉన్న ప్లాస్టిక్ బుట్ట. నీళ్లు దానంతటవే కారిపోతాయి. చివరి రోజు దాకా అదే. దాంతోపాటు స్నానానికి విడిగా రబ్బరు చెప్పులు పెట్టుకోండి. నేను అనవసరం అనుకుని వదిలేశాను. రెండో నెలకల్లా కాలివేళ్ల మధ్య దురద, తర్వాత కొన్ని వారాలు ఫంగస్ మందు రాసుకోవడం. పదిమంది తిరిగే తడి నేల మీద ఉత్తి కాళ్లతో నడిస్తే అంతే.

తువ్వాళ్ల విషయంలో అమ్మకీ నాకూ పెద్ద వాదన జరిగింది. మందపాటిది మెత్తగా ఉంటుందని ఆమె సర్దింది. ఒకే కిటికీ ఉన్న గదిలో అది రెండు రోజులకీ ఆరేది కాదు. పల్చటి నూలు తువ్వాళ్లు రెండుంటే పొద్దున తడిపింది సాయంత్రానికి ఆరిపోతుంది. మందపాటిది చివరికి తలుపు దగ్గర కాళ్లు తుడుచుకునే పట్టాగా స్థిరపడింది. ఈ సంగతి ఆమెకి ఇంకా చెప్పలేదు.

ఇక నిద్ర. రూమ్మేట్ తెల్లవారుజామున మూడింటి దాకా ట్యూబ్‌లైటు వేసుకుని చదివే రకం. మంచివాడే, నోట్స్ కూడా ఇచ్చేవాడు, కానీ లైటు మాత్రం ఆర్పేవాడు కాదు. కళ్లకి కట్టుకునే మాస్కు ఆ గొడవని మొదటి రాత్రే తీర్చేసింది. ఫోమ్ ఇయర్‌ప్లగ్స్‌ని మాత్రం రెండు నెలలు తిట్టుకున్నాను. తప్పు నాదే. వాటిని ఊరికే చెవిలోకి నొక్కితే పనిచేయవు. వేళ్ల మధ్య సన్నటి వత్తిలా నలపాలి. రెండో చేతిని తల వెనక నుంచి తిప్పి చెవిని పైకి లాగి పట్టుకోవాలి. లోపలికి దోపాక, అది ఉబ్బేదాకా అర నిమిషం వేలు తీయకూడదు. అలా పెట్టిన మొదటి రాత్రి ఎంత హాయిగా పడుకున్నానంటే, అలారం వినపడక పొద్దున ల్యాబ్ పోయింది. అప్పటినుంచి ఫోన్ వైబ్రేషన్‌లో పెట్టి దిండు గలీబు లోపల దాచేవాణ్ణి. ప్యాకెట్ మీద శబ్దం 33 డెసిబెల్స్ తగ్గుతుందని వేస్తారు, అది ల్యాబ్‌లో కొలిచిన లెక్క. మన చెవుల్లో అంత రాదు. కబుర్లు గొణుగుడులా మారతాయి, అంతవరకే. అది చాలు.

నావల్ల ఇంకొకరి నిద్ర చెడకూడదని క్లిప్పుతో మంచానికి తగిలించే చిన్న లైటు కొన్నాను. ఏడాదికి దాని మెడ వదులైపోయి తల వాల్చేసింది. రబ్బర్ బ్యాండు చుట్టి ఇంకో రెండేళ్లు లాగించాను.

దుప్పట్లు కొనేముందు మంచం కొలతలు అడిగి తెలుసుకోండి. నేను ఇంటి మంచానికి సరిపోయే ఎలాస్టిక్ దుప్పటి పట్టుకెళ్లాను. రాత్రికి రెండు మూలలైనా ఊడి ముఖం మీదికి వచ్చేవి. అక్కడి పరుపు మీద మనకంటే ముందు ఎంతమంది పడుకున్నారో తెలీదు కాబట్టి పరుపు కవరు తప్పదు. మొదటి రోజే కుట్ల వెంట టార్చి వేసి నల్లులున్నాయేమో చూసుకోండి.

తాళం కథ వేరే. తాళంచెవి పోగొట్టుకునే అలవాటుందని మూడు అంకెల నంబర్ లాక్ కొన్నాను. ఒక ఆదివారం మధ్యాహ్నం, ఏం తోచక, మా వాడు 000 నుంచి మొదలుపెట్టి ఒక్కో నంబరే తిప్పుకుంటూ పోయాడు. ఇరవై నిమిషాల్లో, 417 దగ్గర, టక్‌మని తెరిచి నా చేతిలో పెట్టాడు. మూడు అంకెలంటే మొత్తం వెయ్యి నంబర్లే. నాలుగైతే పదివేలు. మర్నాడే మార్చాను.

డబ్బు దండగ అయినవాటిలో గాలి తీసేసే వాక్యూమ్ బ్యాగులు ముందుంటాయి. బట్టల పరిమాణం తగ్గుతుంది, బరువు తగ్గదు. తిరుగు ప్రయాణానికి గాలి లాగే మెషీన్ హాస్టల్‌లో ఎక్కడిది? గట్టి సూట్‌కేసులు రెండూ మంచం కింద పట్టలేదు, గది మధ్యలో ఏడాదిపాటు స్టూళ్లలా పడి ఉన్నాయి. ఒకదాని జిప్పు వారంటీలోనే ఊడింది. కంపెనీవాళ్లు మూడు నెలలు ఫొటోలు అడుగుతూనే గడిపేశారు. రెండింటినీ వదిలించుకున్నాను. మడిచిపెట్టుకునే గుడ్డ బ్యాగే నయం. ఇక పనికొస్తాయని తెచ్చిన పాత క్లాసు పుస్తకాలు, నాలుగేళ్లలో ఒక్కటీ తెరవలేదు.

పవర్ బ్యాంకు లైబ్రరీలో పనికొచ్చింది, గదిలో అంతగా కాదు. విమానంలో వెళ్లేవాళ్లు దాన్ని చేతి బ్యాగులోనే పెట్టుకోవాలి, చెకిన్ సామానులో ఒప్పుకోరు. థర్మామీటరు, జ్వరం మాత్రలు, మీరు రోజూ వాడే మందులకి డాక్టర్ చీటీ ఒక డబ్బాలో ఉంచండి. పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు మీరనుకున్నదానికి రెట్టింపు.

ఎవరూ లిస్టులో రాయనివి కత్తెర, సూదీ దారం, టేపు. మా ఫ్లోర్‌లో మా గదిని నంబరుతో కాదు, 'కత్తెరున్న గది' అని పిలిచేవాళ్లు. గుండీ ఊడినవాళ్లంతా మా తలుపే కొట్టేవాళ్లు. సగం స్నేహాలు అలా మొదలైనవే.

ఖాళీ చేసే రోజు, మా గదిలోకి వస్తున్న కుర్రాడు గుమ్మంలో నిలబడి మంచానికీ ప్లగ్ పాయింటుకీ మధ్య దూరాన్ని చూస్తున్నాడు. చేతిలో మీటరున్నర వైరు బోర్డు. నాది తీసి వాడికిచ్చాను. "అన్నా, ఈ టేపేంటి?" అన్నాడు. "అది మాత్రం పీకకు" అని చెప్పి వచ్చేశాను.