చేప నూనె మాత్రలు: లేబుల్ వెనక్కి తిప్పి చూడండి

సీసా మీద పెద్దక్షరాల్లో ఉండే 1000 మిల్లీగ్రాములు నూనె బరువు మాత్రమే. మామూలు రకంలో అసలు పనికొచ్చే ఒమేగా-3 కొవ్వులైన ఈపీఏ 180, డీహెచ్ఏ 120 మిల్లీగ్రాములే. డిప్రెషన్‌కు పరిశోధనల్లో కాస్త ఫలితం కనిపించింది ఈపీఏ ఎక్కువున్న రకాల్లోనే. అదీ రోజుకు 1 నుంచి 2 గ్రాముల ఈపీఏ, డాక్టరిచ్చిన మందులకు తోడుగా. ఆ లెక్కన మామూలు మాత్రలు ఆరైనా మింగాలి. గాఢత ఎక్కువున్నదే కొనండి. జ్ఞాపకశక్తి పెరుగుతుందన్న ప్రచారం మాత్రం నమ్మకండి, ఆరోగ్యవంతుల్లో ఆధారం చాలా బలహీనం.

పరగడుపున వేసుకుంటే సరిగా ఒంటబట్టదు, చేప తేన్పులొస్తాయి. భోజనంతో వేసుకోండి. అప్పుడప్పుడు ఒక మాత్ర కోసి వాసన చూడండి. పాత పెయింట్‌లా ఘాటుగా ముక్కుకు కొడితే నూనె పాడైనట్టే, సీసా పారేయండి. రక్తం పలచబరిచే మందులు వాడేవారు, గుండె లయ తప్పే జబ్బున్నవారు డాక్టర్ని అడగకుండా మొదలుపెట్టొద్దు.