తోలుబొమ్మల వర్క్‌షాప్, అక్కడా ఫోనే

ఫోన్ వదుల్తాడేమోనని మా వాణ్ణి వేసవిలో 5 రోజుల తోలుబొమ్మలాట వర్క్‌షాప్‌లో చేర్పిస్తే, తీరా అక్కడా ఫోనే! కాకపోతే బస్తీలో పెద్దవాళ్ల దగ్గరికెళ్లి చెరువు కథలు రికార్డు చేసుకొచ్చి, ఆ గొంతుల్నే బొమ్మలకి పెట్టారు. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో చేసేవాటిలా వెలుగులో రంగులు మెరిసే మేకతోలు కాదు, అట్టముక్కలూ రంగు కాగితాలే, అయినా కీళ్ల దగ్గర దారం ముడేసి చేతులు ఊపించడం పిల్లలు బాగానే పట్టేశారు. చివరిరోజు వీధిలో తెల్లదుప్పటి కట్టి ఆడించారు. కథ చెప్పిన ముసలమ్మ తన గొంతు విని ముందు సిగ్గుపడింది, తర్వాత మధ్యలోనే లేచి "అట్ల కాదురా" అంటూ సరిదిద్దడం మొదలుపెట్టింది, అసలు షో అదే. ప్రొజెక్టరు వెలుగుకి నీడలు పాలిపోయాయి, పాత బల్బే నయం. బ్యాచ్‌కి 30 మంది మాత్రం మరీ ఎక్కువ. 4 స్టార్లు.